దీపం లేని తీగ

మావారికి కారు కొనాలన్న సంకల్పం కలగడానికి పదిహేనేళ్ళు పట్టింది. ఏ కారు కొనాలో తేల్చుకోవడానికి రెండేళ్ళు. తీరా కొనేరోజున షోరూములో కుర్రాడు “బేస్ మోడలా సార్, టాప్ మోడలా?” అని అడిగితే మాత్రం క్షణం ఆలోచించలేదు. “బేస్” అనేశారు. రెంటికీ తేడా ఎంతో ఆ కుర్రాడు చెప్పాడు. ఆ డబ్బుకి ఏమేం వస్తాయో కూడా చెప్పబోయాడు గాని, మావారు అప్పటికే సంతకం పెట్టే చోటు వెతుక్కుంటున్నారు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, నేనూ అడ్డం చెప్పలేదు. నాలుగు చక్రాలూ, వానకి తడవకుండా ఓ కప్పూ వుంటే చాలదూ అనుకున్నాను. కాని కారెక్కిన మొదటి రోజునే నా కళ్ళు ఒకచోట ఆగిపోయాయి. స్టీరింగు పక్కన వరసగా నాలుగు మీటలు వుండాల్సిన చోట ఒకటే వుంది. మిగతా మూడూ ఉత్తుత్తి మూతలు. నొక్కితే కదలవు. వాటిమీద బొమ్మలూ లేవు. వామనగుంటల పీటలో గింజలు వెయ్యకుండా వదిలేసిన గుంటల్లా వున్నాయి.

“ఇవేమిటండీ?” అన్నాను.

“టాప్ మోడల్ వాళ్ళవి” అన్నారు.

వాళ్ళవి మన కారులో ఎందుకున్నాయని అడగబోయి వూరుకున్నాను, కొత్త కారులో మొదటిరోజే తగువెందుకని.

పోయిన ముక్కోటికి భద్రాచలం బయల్దేరాం. మేముండేది కొత్తగూడెం. అక్కణ్ణించి ఓ నలభై కిలోమీటర్లు. ఉత్తర ద్వార దర్శనం తెల్లవారుజామున కాబట్టి రెండున్నరకే సిద్ధమయ్యాం. ఖమ్మం నుంచి మా ఆడపడుచు కూడా వచ్చింది. పాల్వంచ దాటేదాకా బాగానే వుంది. ఆ తరవాత అడవి మొదలయింది, అడవితోపాటు మంచూ మొదలయింది. ధనుర్మాసపు మంచు సంగతి ఆ దారిన వెళ్ళినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పాలు పొంగి రోడ్డు మీద ఒలికినట్టుంటుంది. మావారు పెద్ద లైట్లు వేశారు. వేసేసరికి ఎదురుగా తెల్లటి గోడ లేచింది. ఆపేస్తే చీకటి. వేస్తే గోడ. ఈ రెంటి మధ్యా ఎద్దుబండి నడకన వెళుతుంటే, రోడ్డు పక్కన వెనకదీపం లేకుండా ఆగివున్న లారీ ఒకటి, చెయ్యి చాపితే అందేటంత దూరంలో ప్రత్యక్షమయింది. “అన్నయ్యా!” అని వెనకనుంచి మా ఆడపడుచు కేక పెట్టకపోతే, నేనీ వ్యాసం రాసేదాన్నీ కాదు, మీరు చదివేవారూ కాదు.

అక్కణ్ణించి సారపాక దాకా ఆ అమ్మాయి కిటికీ అద్దం దించి, తల బయటపెట్టి, రోడ్డు అంచున వున్న తెల్ల గీత చూస్తూ, “కొంచెం కుడికి... ఆఁ, నేరుగా... గీత పోయింది, ఆగు... ఆఁ, దొరికింది” అని చెబుతూనే వుంది. చెవులు గడ్డకట్టుకుపోయి వుంటాయి. సారపాకలో కాగితం మిల్లు దీపాలు కనిపించాక గాని అద్దం ఎత్తలేదు.

దర్శనం అయింది. రాముడు బాగానే కనిపించాడు. ఆయన మోడల్ విషయంలో కంచెర్ల గోపన్న బేరమాడలేదు. పాల్వంచ పరగణా తాసిల్దారుగా వుండి, సర్కారు పైకంతో గుడి కట్టించి, నగలు చేయించి, లెక్క అడిగినవాళ్ళకి సమాధానంగా గోల్కొండ జైలుకి వెళ్ళాడు. మావారు అటువంటివారు కారు.

సంక్రాంతి దాకా వుండమంటే మా ఆడపడుచు వుండిపోయింది. ఆ మధ్య ఆదివారం, పాల్వంచలో తెలిసిన మెకానిక్కు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం, మంచులో దారి చూపించే ఆ చిన్న దీపాలు, ఫాగ్ ల్యాంపులు, పెట్టించడానికి. అవి బంపరు కింద, నేలకి దగ్గరగా వుంటాయి. వాటి వెలుగు కిందనించి అడ్డంగా పరుచుకుంటుంది కాబట్టి మంచుకి తగిలి మన కళ్ళల్లోకి తిరిగి రాదు. ఎంత చిన్న సంగతి! మెకానిక్కు కింద దూరి, ఏదో మూత ఊడదీసి, నవ్వుతూ బయటికొచ్చాడు.

“అమ్మా, లైట్లు లేవు గాని వైరుంది చూడండి. కప్లరు గూడ ఉన్నది. కంపెనీవోళ్ళే ఇచ్చిన్రు.”

వంగి చూశాను. నిజమే. లోపల చీకట్లో, చేతి గాజంత చుట్ట చుట్టి టేపు వేసిన తీగ, కొసన నల్లటి చిన్న కప్లరు. దేనికీ తగలకుండా, దేన్నీ వెలిగించకుండా వేళ్ళాడుతోంది.

“దీపం ఇవ్వనప్పుడు తీగెందుకిచ్చారయ్యా?”

“టాప్ మోడలుకు దీనికి ఒకటే వైరింగమ్మా. అన్ని బండ్లల్ల గిట్లుండదు. కొన్నిట్ల వైరు గూడ ఉండదు. మీ అదృష్టం.”

అదృష్టమని అతనన్నాడు గాని నాకు ఒళ్ళు మండింది. తీగ డబ్బులు మా దగ్గర పుచ్చుకున్నారు. దానికి పెట్టాల్సిన దీపాలు ఇవ్వలేదు. అంటే మాకు దీపాలు కావాలని వాళ్ళకి ముందే తెలుసు. తెలిసే ఆ మంచులోకి పంపారు. మెకానిక్కుకి ఆరోజు దీపాలు దొరకలేదు. ఖమ్మం నుంచి తెప్పిస్తానన్నాడు. ఇంటికొచ్చి, పుణెలో ఓ కార్ల కంపెనీలో ఇంజనీరుగా వున్న మా అక్క కొడుక్కి ఫోన్ చేసి దులిపేశాను, వాడేదో మా కారు తయారుచేసినట్టు.

వాడు సావధానంగా విన్నాడు. “పిన్నీ, కారులో వైర్లన్నీ కలిపి కట్టిన దాన్ని హార్నెస్ అంటారు” అని మొదలెట్టాడు. ఆ మాట గుర్రబ్బండి కాలం నాటిదట. గుర్రానికి వేసే పట్టెడలూ పగ్గాలూ అన్నమాట. మామూలు కారులో వైర్లన్నీ విప్పి కొసకి కొస ముడేస్తే కిలోమీటరు దాటుతుందట. పెద్ద బల్ల మీద ఆనవాళ్ళు పెట్టి, వాటి మధ్య ఒక్కో వైరూ పరిచి, టేపు చుట్టి, కప్లర్లు తగిలించి చేస్తారట. ఇంత యంత్రయుగంలోనూ ఆ పని ఎక్కువ భాగం చేత్తోనే. చాలా ఫ్యాక్టరీల్లో ఆ బల్లల ముందు నిలబడేది ఆడపిల్లలే. “మెత్తటిది కదా పిన్నీ, యంత్రం చేతికి చిక్కదు” అన్నాడు. జడ అల్లడం లాంటిదన్నమాట అనుకున్నాను. ఇనుమూ గాజూ అంతా యంత్రాలు చేసేసినా, కారుకి జడ మటుకు ఆడవాళ్ళే అల్లాలి.

“ఇప్పుడు పది సదుపాయాలున్నాయనుకో. ఒక్కొక్కటీ వుండచ్చు, వుండకపోవచ్చు. ఎవరికి కావలసిన రకం వాళ్ళకి చెయ్యాలంటే ఎన్ని రకాల హార్నెస్‌లు కావాలో చెప్పు.”

నేను బి.ఏ.ని. ఇరవై అన్నాను.

పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా ఆడపడుచు తల ఎత్తకుండా, “వెయ్యిన్నీ ఇరవై నాలుగు” అంది.

ఫోన్లో కాసేపు చప్పుడు లేదు. “ఎవరు పిన్నీ అది?” అన్నాడు.

ఆ 1024 రకాలూ తయారుచెయ్యాలి, నిల్వచెయ్యాలి, ఏ కారుకి ఏది వెయ్యాలో పొరబడకుండా అందించాలి. ఒక్కటి తారుమారైతే మొత్తం వరసంతా ఆగుతుంది. అంతకంటే నాలుగు మూరల తీగ అదనంగా వేసి అందరికీ ఒకటే పెట్టెయ్యడం చవక. మరీ ఖరీదైన తీగలైతే తీసేస్తారు, రాగి ఊరికే రాదు కదా. జర్మనీలో కొన్ని పెద్ద కంపెనీలు అడిగినవాళ్ళకి అడిగినట్టే, కారుకో హార్నెస్ అల్లిస్తాయి, ఆ ఖర్చూ కారుని బట్టే వుంటుంది. “నీకు విడిగా చేస్తే నీ కారు ధర పెరిగేది పిన్నీ, తగ్గేది కాదు” అని తేల్చేశాడు.

ఆ లెక్క నాకు అర్థమయింది. కోపం మాత్రం పోలేదు. ఓ జాకెట్టు వదులు చేయించుకోవాల్సి వుంటే తీసుకుని దర్జీ దగ్గరికి వెళ్ళాను. అక్కడ, ఆ మిషను ముందు నిలబడ్డప్పుడు, సగం కోపం దానంతటదే జారిపోయింది.

మన దర్జీలు చేసేదీ ఇదేగా! చంకల దగ్గర రెండేసి అంగుళాల గుడ్డ లోపలికి మడిచి కుడతారు. ఆ గుడ్డకి డబ్బు మనదే. ఒంటికి తగలదు, పైకి కనిపించదు. పిల్లలు పుట్టాకనో, నలభై దాటాకనో (నవ్వకండి, మీదీ అంతే) ఓ కుట్టు విప్పితే పనికొస్తుంది. దాన్ని మోసమని ఎవరన్నా అంటారా? వదలకపోతేనే తిడతాం. చిన్నప్పుడు మా అమ్మ నా పరికిణీకి మూడు మడతలు వేసి కుట్టేది, ఏడాదికొకటి చొప్పున విప్పడానికి. విప్పిన చోట రంగు కొత్తగా వుండి, పైనంతా వెలిసిపోయి, నేనెంత ఎదిగానో బళ్ళో అందరికీ గీత గీసినట్టు కనిపించేది. సిగ్గుపడి ఏడ్చేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే, నేను ఎదుగుతానని అంత నమ్మకంగా లెక్కకట్టి గుడ్డ కొన్న మనిషి మళ్ళీ నాకు దొరకలేదు అనిపిస్తుంది.

చూడబోతే మన చుట్టూ అంతా ఇలాంటి తీగలే. మా వీధిలో ఏ మేడ మీద చూసినా పిల్లర్ల చువ్వలు ఆకాశంలోకి చూస్తుంటాయి, కొడుకు ఎదిగొచ్చి పై అంతస్తు వేస్తాడని. కొడుకు అమెరికాలో అద్దె కడుతుంటాడు. తల్లి ఆ చువ్వలకి తాడు కట్టి వడియాల గుడ్డ ఆరేస్తుంటుంది. మా వూరి రైల్వే స్టేషను సంగతి చూడండి. వున్నది కొత్తగూడెంలో, పేరు మాత్రం భద్రాచలం రోడ్డు. రైలు బొగ్గు కోసం మణుగూరు దాకా వెళ్ళింది గాని రాముడి కోసం గోదావరి దాటలేదు. పేరు నమ్మి దిగిన యాత్రికులు బయటికొచ్చి “గుడెక్కడండీ?” అని అడుగుతుంటారు. భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెంలో తెల్లదొరలు ఆనకట్టా, పడవల కోసం లాకులూ కట్టారు, ఎగువ గోదావరి మీదుగా నాగపూరు వైపునించి పత్తి సముద్రం దాకా పడవల్లో దిగుతుందని. అంతలో రైళ్ళు వచ్చాయి, ఖర్చు తడిసి మోపెడయింది, 1871లో ఆ పథకం కట్టిపెట్టారు. ఆ రాతికట్టడం దగ్గర నించుంటే, రాని పడవ కోసం నూటయాభై ఏళ్ళుగా తలుపు తీసి పెట్టిన ఇల్లు చూసినట్టుంటుంది.

ఇవన్నీ వేరు, మరొకటి వేరు. అది కూడా మా వాడే చెప్పాడు. 2022లో బి.ఎం.డబ్ల్యు. కంపెనీవాళ్ళు కొన్ని దేశాల్లో ఓ పద్ధతి పెట్టారు. కారు సీటులో వేడిచేసే సరంజామా అంతా ముందే వుంటుంది. తీగే కాదు, మొత్తం వుంటుంది. కాని నెలకి సుమారు పద్ధెనిమిది డాలర్లు కడితేనే పనిచేస్తుంది. సీటు మీది, వేడి వాళ్ళది. (మా కొత్తగూడెంలో మే నెలలో ఎండన నిలబెట్టిన కారులో ఈ సదుపాయం అందరికీ ఉచితం.) జనం గోలపెట్టారు. 2023లో మానుకున్నామని చెప్పారు. అంతకు ముందు 2017 సెప్టెంబరులో ఫ్లోరిడా మీదికి ఇర్మా తుఫాను వచ్చినప్పుడు, టెస్లా కంపెనీ తన కార్లు కొన్నిటికి ఎక్కడో కూర్చుని బ్యాటరీలో బిగించిన తాళం తీసింది. పారిపోతున్నవాళ్ళకి ముప్ఫై నలభై మైళ్ళు అదనంగా వచ్చాయి. గండం గడిచాక తాళం మళ్ళీ వేసేశారు. తాళం తీసినందుకు కొందరు దణ్ణం పెట్టారు. అంతకాలం తమ కారులో తమకి తెలీకుండా తాళం వుందా అని కొందరు విస్తుపోయారు. నేనైతే రెండూ చేసి వుండేదాన్ని.

అయితే నా బుర్రలో తిరుగుతున్నది వేరే. దీపం విలాసమా, ప్రాణరక్షణా అన్నది ఎవరు చెప్పాలి? ఎయిర్‌బ్యాగులు ఒకప్పుడు టాప్ మోడల్ వాళ్ళకే. 2019 నుంచి ఏ కారయినా డ్రైవరు ముందు ఒకటి వుండి తీరాలన్నారు. నిన్నటి షోకు ఇవాళ చట్టమయింది. ఆ మధ్యకాలంలో బేస్ మోడల్లో పోయినవాళ్ళు మాత్రం బేస్ మోడల్లోనే పోయారు. డబ్బున్నవాడి తలా లేనివాడి తలా ఒకే రకం అద్దానికి తగులుతాయి. “అందరికీ అన్నీ ఎలా ఇస్తారు?” అంటారు మావారు. నిజమే, ఇవ్వలేరు. కాని తీగదాకా ఇచ్చి ఆగినవాణ్ణి చూస్తే నాకెందుకు ఇంత మంట? అసలు ఇవ్వనివాడి మీద అంత రావడం లేదే? ఈ ప్రశ్న రెండురోజులు వంటింట్లో నా వెంట తిరిగింది. మూడోరోజున, ఆ 1024 గుర్తొచ్చి, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

1999లో నేను ఆ ఇంటికి కోడలుగా వచ్చి ఏడాది. మా ఆడపడుచు అప్పుడే ఖమ్మంలో బి.ఎస్సీ. లెక్కలు పూర్తిచేసింది. ఎడ్‌సెట్ రాసింది, మంచి ర్యాంకు వచ్చింది, వరంగల్‌లో బి.ఎడ్. సీటూ వచ్చింది. అదే వారంలో సంబంధమూ వచ్చింది. మా మామగారు పాతకాలం మనిషే గాని కఠినుడు కాదు. రాత్రి భోజనాలయ్యాక వసారాలో కూర్చుని, “నువ్వు చదువుకున్న దానివి, నువ్వేమంటావమ్మా?” అని నన్నడిగారు. ఇంటిల్లిపాదిలో నన్నే అడిగారు. నేను ఏమన్నానంటే: “డిగ్రీ ఎలాగూ చేతిలో వుంది కదా మామయ్యగారూ. పెళ్ళయ్యాక ఎప్పుడైనా చదువుకోవచ్చు. సీటెక్కడికి పోతుంది?”

ఎంత చక్కగా చెప్పానో చూశారా! కోడలు పిల్ల వినయమూ వుంది, లోకజ్ఞానమూ వుంది. లేనిదల్లా నిజం. ఆ ఏడాది మేమిద్దరం ఇంటిస్థలం కొనాలని చూస్తున్నాం. హాస్టలు ఖర్చూ, పెళ్ళి ఖర్చూ రెండూ పడితే స్థలం వుండదని నాకు తెలుసు. ఎవరూ నన్ను ఆ లెక్క అడగలేదు, నేనూ చెప్పలేదు. తీగ వుంది కదా, దీపం తరవాత పెట్టుకోవచ్చు అన్నాను. సీటు పోయింది. తరవాత పాప, బాబు, అత్తగారి పక్షవాతం, కాపురం. ఆ అమ్మాయి మాటల్లో ఏనాడూ ఆ సీటు ప్రసక్తి రాలేదు. ఆ స్థలంలోనే మేము ఇప్పుడుంటున్న ఇల్లు కట్టుకున్నాం. దాని మీదా చువ్వలు వదిలాం.

షోరూము కుర్రాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు ఆ తరవాత.

పండగ వెళ్ళాక మెకానిక్కు ఫోన్ చేశాడు, దీపాలొచ్చాయని. మళ్ళీ ముగ్గురం వెళ్ళాం. కప్లరు విప్పి చూసి పెదవి విరిచాడు. “చిలుం పట్టిందమ్మా. మూత సరిగ లేకుండె, తేమ తగిలింది.” సన్నటి గీకుడు కాగితంతో లోపల పిన్నులు రుద్దుతూ కూర్చున్నాడు. ఆకుపచ్చటి పొడి రాలింది. తరవాత చిన్న బల్బు ఆనించి చూశాడు. వెలిగింది. “వైరు మంచిగనే ఉన్నది. రిలే, ఫ్యూజు వేస్తే చాలు. ఎక్కువ వాట్లవి పెట్టొద్దు సార్, ఈ సన్న వైరు కాలుద్ది.” స్టీరింగు పక్కన ఉత్తుత్తి మూత ఒకటి గోటితో ఊడబెరికి, అక్కడ మీట బిగించాడు. రెండువేల చిల్లర అయింది. మావారు వారంటీ పోతుందేమో అని రెండుసార్లు అడిగారు. మెకానిక్కు రెండుసార్లూ ఆకాశం కేసి చూశాడు.

తిరిగొచ్చేటప్పుడు చీకటి పడింది. నేను కూడా వెనక సీట్లోనే కూర్చున్నాను. ఆ అమ్మాయి తన సంగతులేవో చెబుతోంది. ఖమ్మంలో వాళ్ళ అపార్టుమెంటు వాచ్‌మన్ కూతుళ్ళిద్దరికి సాయంత్రాలు లెక్కలు చెబుతోందట. పెద్దది పదో క్లాసు. “మేడం, మీరు ఏ స్కూల్లో చేస్తారు?” అని అడిగిందట మొన్న.

“ఏం చెప్పావు?”

“మాట మార్చి ఇంకో లెక్కిచ్చా” అని నవ్వింది. “అది దానికి రాలేదు. రాత్రంతా కూర్చుని పొద్దున్నే చేసుకొచ్చింది వదినా. నువ్వు దాన్ని చూడాలి.”

నేను చాలాసేపు కిటికీలోంచి చూశాను. అంతకాలం అనుకోని మాట నోటిదాకా వచ్చింది. “ఆ రోజు వసారాలో మామయ్యగారు నన్ను అడిగినప్పుడు...” అన్నాను.

“తెలుసు వదినా” అంది. “తలుపు పక్కనే వున్నా.”

ఇంకేమీ అనలేదు. నా ఒళ్ళో వున్న సంచీ తీసి తన ఒళ్ళో పెట్టుకుంది, నాకు బరువని. మంచు లేదు, రోడ్డంతా తేటగా కనిపిస్తూనే వుంది. అయినా మావారు ఆ రెండు దీపాలూ వేసే వుంచారు, కొత్త కదా.